వాగవతలి కేక

12 ఏప్రిల్ 2003, శనివారం

గొంతు పూర్తిగా పోయింది. ఇగ్నాట్సితో మాట్లాడినందుకు.

మాట్లాడితే ఎవరికైనా గొంతు పోతుందా? మాకు పోతుంది. అతను పోలండ్ గట్టు మీద, నేను స్లొవాకియా గట్టు మీద. మధ్యలో వాగు, వాగు మధ్యలో సరిహద్దు. కొండ మీద మంచు కరిగే కాలం కదా, ఆ నీళ్ళ హోరులో పక్కన మేక అరిచినా వినబడదు. అతని పోలిష్ నాకూ, నా స్లొవాక్ అతనికీ బాగానే అర్థమవుతాయి, వినబడితే. నీ మోకాలు ఎలా ఉంది అని అతను అరుస్తాడు. మెట్లు దిగేటప్పుడు ప్రాణం తీస్తోంది అని నేను అరుస్తాను. అరవై దగ్గర పడ్డ మనిషిని, మోకాలి నొప్పి రెండు దేశాలకి వినబడేలా చెప్పుకోవాల్సి వస్తోంది. మిగతా విషయాలు ఎలా చెప్పుకుంటాను?

పాత వంతెనని రెండో ప్రపంచయుద్ధంలో పేల్చేశారు. తర్వాత రెండు వైపులా కమ్యూనిస్టులే వచ్చారు. మనం అన్నదమ్ములం అని నలభై ఏళ్ళు ఒకళ్ళకొకళ్ళు టెలిగ్రాములు కొట్టుకున్నారు గానీ, ఆ అన్నదమ్ముల మధ్య నాలుగు చెక్కలు వేసిన పాపాన పోలేదు. వాళ్ళూ పోయారు. ఆ వంతెన రాతి స్తంభం ఒక్కటే ఇంకా నీళ్ళలో నిలబడి ఉంది. చట్టప్రకారం అతని ఇంటికి వెళ్ళాలంటే బస్సెక్కి, బస్సు మారి, చెక్‌పోస్టులో పాస్‌పోర్టు చూపించి, మళ్ళీ బస్సెక్కి, మళ్ళీ మారాలి. చేరేసరికి అతనికి ఆవుల పాలు పితికే వేళ, నాకు తిరుగు బస్సు వేళ. పోనీ వాగులో దిగి దాటేద్దామంటే గస్తీ పోలీసు జరిమానా రాస్తాడు. కిందటేడు అతనికి వాగు మధ్యలోనే రాశాడు కూడా. మోకాళ్ళ దాకా తడిసి, చేతిలో గొర్రెపాల జున్నుముద్ద పట్టుకుని నిలబడ్డ మనిషికి జరిమానా రాయడానికి చెయ్యెలా వచ్చిందో.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇవాళ నేను పనిచేసే ఊరి ఆఫీసులో మా మేయరు వెండెలీన్ ఒక మాట చెప్పాడు. వచ్చే నెల పదహారు, పదిహేడు తేదీల్లో రెఫరెండం. యూరోపియన్ యూనియన్‌లో చేరాలా వద్దా అని దేశమంతా ఓటు. జూన్‌లో పోలండ్‌వాళ్ళకీ అదే ఓటు. రెండు దేశాలూ చేరితే ఏదో ఒక రోజు ఈ సరిహద్దు కాపలా ఎత్తేస్తారట. అప్పుడు యూనియన్ డబ్బుతో వంతెన కట్టిద్దామని వెండెలీనూ అవతలి ఊరి మేయరూ చేతులు కలుపుకున్నారట.

వెండెలీన్ ప్రజాస్వామ్యం, అభివృద్ధి, యూరప్ భవిష్యత్తు అని చాలాసేపు చెప్పాడు. నాకు వంతెన అన్నంతవరకే వినబడింది.

13 ఏప్రిల్, ఆదివారం

ఇగ్నాట్సి సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా గడ్డిపొలం ఊరి చివర ఉంది కనక బతికిపోయాను.

రెండేళ్ళ కిందట అక్కడే గడ్డి ఆరబెడుతుంటే అవతలి గట్టు నుంచి ఎవరో అరిచారు. ఏమమ్మా, నీ వెనక మబ్బు చూశావా, గడ్డి తడిసి ముద్దవుతుంది అని. నా గడ్డి నా ఇష్టం, నీ పని చూసుకో అన్నాను. చూసుకున్నాడు. చూసుకుని, తన గడ్డి కుప్పేసుకుని, టోపీ తీసి దణ్ణం పెట్టాడు. నా గడ్డి తడిసింది. అలా మొదలైంది.

మా ఆయన ష్టెఫాన్ పోయి ఆరేళ్ళు. ఇగ్నాట్సి భార్య పోయి అంతకన్నా ఎక్కువే. తప్పేముంది? ఏమీ లేదు. అయినా ఎవరికీ చెప్పను.

21 ఏప్రిల్, ఈస్టర్ సోమవారం

ఇవాళ మగవాళ్ళు ఆడవాళ్ళ మీద నీళ్ళు పోసే రోజు. పొద్దున్నే మా మరిది అలోయ్జ్ బకెట్టుతో వచ్చాడు. మా ఆయన తమ్ముడు, ఊళ్ళో పబ్బు నడుపుతాడు. ఊరుకునే రకం కాదు. వదినా, ఏడాదంతా ఎండిపోకుండా ఉండాలి మరి అంటూ మెడలో కుమ్మరించాడు. ఆనవాయితీ ప్రకారం వాడికే రంగు గుడ్డూ, ఒక గ్లాసు సారా కూడా ఇచ్చుకోవాలి. తడిపినవాడికే మర్యాదలు!

మధ్యాహ్నం పొడిబట్టలు కట్టుకుని గడ్డిపొలానికి వెళ్ళాను. ఊరికే. చూసి వద్దామని.

ఇగ్నాట్సి అవతలి ఊరి ఫైర్ బ్రిగేడ్‌లో వాలంటీరు. వాగు ఒడ్డున వాళ్ళ పంపు పెట్టి ఉంది. అదేమిటా అనుకుంటూ ఉండగానే గొట్టం పైకెత్తాడు. నీళ్ళు సరిహద్దు మీంచి విల్లులా వంగి వచ్చి నా నెత్తిన పడ్డాయి. ఏ చెక్‌పోస్టూ ఆపలేదు! నేను కింద కూర్చుండిపోయి, నవ్వలేక కడుపు పట్టుకున్నాను. గస్తీ పోలీసు పరిగెత్తుకొచ్చాడు గానీ నీళ్ళకి జరిమానా రాసే పుస్తకం అతని దగ్గర లేదు. పండగ కదా అని తనూ నవ్వేసి వెళ్ళాడు.

జేబులో ఉన్న రంగు గుడ్డు అటు విసిరాను. రాతి స్తంభానికి తగిలి పగిలింది.

3 మే, శనివారం

పబ్బులో గొడవ.

ఈ రెఫరెండంలో ఒక మెలిక ఉంది. దేశంలో సగం మందికి పైగా ఓటేస్తేనే లెక్క. లేకపోతే వేసినవాళ్ళలో నూటికి తొంభై మంది కావాలన్నా చెల్లదు. ఇప్పటిదాకా మా దేశంలో పెట్టిన ఏ రెఫరెండమూ ఆ సగం గడప దాటలేదు. అన్నీ చిత్తుకాగితాలే.

అలోయ్జ్ ఈ మెలిక బాగా పట్టుకున్నాడు. వద్దు అని ఓటెయ్యడానికి వెళ్ళేవాడు వెర్రివాడట. వెళ్తే లెక్క పెరిగి వాళ్ళకే లాభమట. హాయిగా ఇంట్లో కూర్చోండి, ఆ రెండు రోజులూ నా పబ్బులో బీరు సగం ధరకే అని చాటాడు. ఎందుకురా నీకింత కసి అంటే, వదినా, యూనియన్ వస్తే నా ప్లమ్ సారా బట్టీకి సీలు వేస్తారు, పెరట్లో పందిని కోసుకోవాలన్నా బ్రస్సెల్స్ నుంచి డాక్టరు దిగాలి, గొర్రెపాల జున్ను చెక్కగిన్నెలో చెయ్యకూడదంటారు అని మొదలెట్టాడు. నువ్వు చేసే సారాకి సీలు వేస్తే ఊరి మొగుళ్ళ లివర్లు బాగుపడతాయిలే అన్నాను. అందరూ నవ్వారు. కానీ అందరూ వాడి బీరే తాగుతున్నారు. నాకు భయం పట్టుకుంది.

8 మే, గురువారం

హెర్మీనా పెద్దమ్మ ఇంటికి బ్రెడ్డు ఇవ్వడానికి వెళ్ళాను. పక్కిల్లే. డెబ్బై ఎనిమిదేళ్ళు, నోరు మాత్రం పాతికేళ్ళది.

ఓటుకి వస్తావుగా అన్నాను. నా వైపు అదోలా చూసింది. చూసి, యాభై నాలుగో సంవత్సరం సంగతి చెప్పింది. ఇదివరకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె పెద్దకొడుకు పుట్టబోతున్నాడట. నొప్పులు మొదలై మంత్రసాని నీళ్ళు కాస్తోందట. అప్పుడు వచ్చారట ఓటు పెట్టె పట్టుకుని ముగ్గురు మగవాళ్ళు. మధ్యాహ్నం లోపల నూటికి నూరు మంది వెయ్యాలి, మా ఊరు జిల్లాలో ఫస్టు రావాలి, నీ ఒక్కదాని కోసం ఆగిపోయింది కామ్రేడ్ అన్నారట. కాగితం మీద ఉన్నది ఒకటే పేరు. మంచం మీంచే వేసిందట. వేశాక వాళ్ళు థాంక్స్ చెప్పి, బయట బ్యాండువాళ్ళతో ఒక మార్చ్ పాట వాయించి వెళ్ళారట. ఆ పాట మధ్యలో పిల్లాడు పుట్టాడు.

ఎనభై తొమ్మిదిలో కమ్యూనిస్టులు పోయినప్పుడు నేను ఒకటే అనుకున్నానే విల్మా, అంది. ఇంక చచ్చినా ఓటుకి వెళ్ళను. పిలిచినా వెళ్ళకుండా ఇంట్లో కూర్చోగలగడమే నాకొచ్చిన స్వాతంత్ర్యం. దాన్ని నువ్వు నా దగ్గర లాక్కోకు.

బ్రెడ్డు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

15 మే, గురువారం

రేపే ఓటింగు. మధ్యాహ్నం రెండింటికి మొదలు.

ఊరి రేడియోలో ప్రకటన నేనే చెయ్యాలి. ఈ ఊళ్ళో ప్రతి మూలా స్తంభానికి ఒక లౌడ్‌స్పీకరు గొట్టం, ఆ గొట్టాలన్నిటికీ గొంతు నాదే. ముందు ఒక పాట, తర్వాత నేను: కోడిపిల్లల బండి చర్చి దగ్గరికి వచ్చింది, రేపు నీళ్ళు రావు, ఫలానావాళ్ళ మేక కనబడ్డం లేదు. ఎప్పుడూ వేసే పాట అరిగిపోయింది. రేపటికి కాస్త హుషారుగా ఏదైనా వెయ్యి, పండగలా ఉండాలి అన్నాడు వెండెలీన్. స్టోరు రూములో వెతికితే ఒక పాత టేపు దొరికింది. బ్రాస్ బ్యాండు, మంచి ఊపుంది. దుమ్ము తుడిచి పెట్టుకున్నాను.

16 మే, శుక్రవారం, రాత్రి తొమ్మిది

నా తలకాయ. నా తలకాయని గోడకేసి కొట్టుకోవాలి.

సరిగ్గా రెండింటికి టేపు వేశాను. బ్యాండు దద్దరిల్లింది. తర్వాత నా గొంతు: పౌరులందరికీ మనవి, ఓటింగు ప్రారంభమైంది, ప్రతి ఒక్కరూ తప్పనిసరిగా వచ్చి తమ బాధ్యత నెరవేర్చాలి, మన ఊరు వెనకబడకూడదు. రాసుకుని మరీ చదివాను. బాగా వచ్చిందనుకున్నాను కూడా.

కిటికీలోంచి చూస్తున్నా. ఎదురింట్లో కర్టెన్ మూసేశారు. పక్కింట్లో మూసేశారు. వీధి పొడుగునా కర్టెన్లు మూసుకుంటూ పోయాయి. తోటలో బంగాళాదుంపలు నాటుతున్నవాళ్ళు గునపాలు అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోయారు.

వెండెలీన్ ఆఫీసులోకి వచ్చాడు, మొహం సున్నం కొట్టినట్టుంది. ఏ పాట వేశావమ్మా తల్లీ అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. కమ్యూనిస్టుల రోజుల్లో ప్రతి ఎన్నికకీ పొద్దున ఆరింటికి మనుషుల్ని మంచాల మీంచి లేపిన పాట అది! నేనూ లేచాను ఆ పాటకి. తెల్ల చొక్కా వేసుకుని, వరసలో నిలబడి, నవ్వుతూ వెళ్ళాను. కాలు దానంతటదే తాళం వేస్తుంటే మంచి పాట అనుకున్నాను. ఆ మాటలూ అప్పటివే. ప్రతి ఒక్కరూ, తప్పనిసరి, వెనకబడకూడదు. ఎవరూ నేర్పకుండానే నా నోట్లోంచి ఊడిపడ్డాయి. నలభై ఏళ్ళు తిన్న ఉప్పు కదా.

సాయంత్రం దాకా వచ్చినవాళ్ళు కమిటీ బల్ల దగ్గర కూర్చున్న టీచరమ్మ, ఆమె మొగుడు, వెండెలీన్, నేను, ఫాదరు, ఇంకో పిడికెడు మంది. అలోయ్జ్ పబ్బు మాత్రం కిటకిటలాడింది. గోడ దాటి మరీ వినబడేలా, మా వదినకి ఒక బీరు నా లెక్కలో రాయండిరా, నా ప్రచారమంతా ఒక్క పాటతో చేసేసింది అన్నాడట.

హెర్మీనా పెద్దమ్మ ఇంట్లో దీపం కూడా లేదు. యాభై నాలుగో సంవత్సరాన్ని ఆమె ఇంట్లోకి మళ్ళీ తోలిందెవరు? నేనే.

ఇగ్నాట్సి గట్టు మీదికి వచ్చి ఎదురుచూసి ఉంటాడు. వెళ్ళలేదు. ఏమని అరవను?

17 మే, శనివారం

రాయాల్సింది చాలా ఉంది.

ఓటింగు మధ్యాహ్నం రెండింటి వరకే. పొద్దున ఎనిమిదైనా ఓటింగు గది ఖాళీ. టీచరమ్మ స్వెట్టరు అల్లుకుంటోంది. ఆఫీసులో మైకు ముందు కూర్చున్నాను. వెండెలీన్, ఇంకోసారి చెప్పి చూడు, కాస్త మెత్తగా అన్నాడు. మెత్తగా ఆజ్ఞ వేసినా ఆజ్ఞే కదా అన్నాను. ఆయన భుజాలెగరేసి కాఫీ కోసం వెళ్ళాడు.

మైకు ఆన్ చేశాను. పాట వెయ్యలేదు. కాగితం లేదు.

నేను విల్మాని అన్నాను. ఆఫీసు కాదు, ఉత్త విల్మాని. నిన్నటి పాటకి నన్ను తిట్టుకోండి, న్యాయమే. ఓటెయ్యమని చెప్పడానికి నేనెవర్ని? మీకు ఇంట్లో కూర్చోవాలనుంటే కూర్చోండి, ఎవరూ పేరు రాసుకోరు, ఎవరూ పెట్టె పట్టుకుని మీ మంచం దగ్గరికి రారు. నాకు మాత్రం వంతెన కావాలి. వాగవతల ఒక మనిషి ఉన్నాడు. పేరు ఇగ్నాట్సి. ఆవులున్నాయి, మంచివాడు. రెండేళ్ళుగా అరుచుకుంటున్నాం. అరిచి అరిచి నా గొంతు పోతోంది. నాకు ఒక్కసారి అతనితో మామూలుగా, మెల్లిగా, ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడాలని ఉంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బతిమాలుతున్నాను. అవును అంటారో కాదంటారో మీ ఇష్టం. వస్తే మాత్రం నాకు సంతోషం. అంతే. అన్నట్టు, చెత్త బండి సోమవారం బదులు మంగళవారం వస్తుంది.

మైకు ఆపి, బల్ల మీద తల పెట్టేశాను. ఇంక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేననుకున్నాను.

అప్పుడు వాగవతల నుంచి సైరన్ మోగింది. ఫైర్ బ్రిగేడ్ సైరన్. ఊరి చివర స్తంభానికున్న గొట్టం వాగు వైపే తిరిగి ఉంటుందని నాకు గుర్తే లేదు! అవతలి ఊరంతా విన్నది. ఇగ్నాట్సి జవాబు చెప్పడానికి చేతికి దొరికింది మోగించాడు. మా ఊళ్ళో మగవాళ్ళు నిప్పంటుకుందేమోనని వీధిలోకి పరిగెత్తారు. హెర్మీనా పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, అంటుకుందిరా, ఆర్పేవాడికే అంటుకుంది అని అరిచిందట.

తలుపు తట్టిన చప్పుడు. తీస్తే హెర్మీనా పెద్దమ్మే. రోజూ కట్టుకునే నల్ల రుమాలు కాదు, పెళ్ళిళ్ళకి కట్టుకునే ఎర్రపూల రుమాలు తలకి. ఏమే, మాకు తెలియదనుకున్నావా అంది. రెండేళ్ళుగా మీ మోకాళ్ళ నొప్పులూ, ఆవు ఈనిన కబుర్లూ వింటూనే ఉన్నాం, వాగు హోరు నీ గొంతు ముందు ఏపాటిది, ఎండాకాలం కిటికీ తీసుకుని కూర్చుంటే నాకు రేడియో అక్కర్లేదు. నువ్వే చెబుతావని ఊరంతా చూస్తున్నాం. ఆ మొద్దు అలోయ్జ్‌కి కూడా తెలుసు.

నా మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు. ఆమె మాత్రం తనివితీరా నవ్వింది.

ఓటింగు గది అవతలి వీధిలో ఉంది. పెద్దమ్మా, నడవలేవు, కమిటీవాళ్ళని పెట్టె తెమ్మంటాను, ఇప్పుడు చట్టంలో నీకా హక్కు ఉంది అన్నాను. కర్ర నేలకేసి కొట్టింది. పెట్టె నా దగ్గరికి రాకూడదు, నేనే దాని దగ్గరికి వెళ్తాను అంది. ఆ గొట్టంలోంచి నా బతుకులో ఇప్పటిదాకా ఆజ్ఞలే విన్నాను, బతిమాలడం ఇదే మొదటిసారి, బతిమాలినవాళ్ళకి మొహం చాటెయ్యడం మా ఇంటా వంటా లేదు అంది.

చెయ్యి పట్టుకుని నడిపించాను. ఆగి ఆగి నడిచాం. మమ్మల్ని చూసి ఒక్కో ఇంట్లోంచీ మనుషులు బయటికి వచ్చారు. ఒకావిడ ట్రేలో గసగసాల కేకు పట్టుకుని వచ్చింది, ఓటింగుకి కాదు పెళ్ళికి వస్తున్నట్టు.

గదిలో కర్టెన్ కట్టిన మూల ఉంది. ఆ రోజుల్లో అదీ ఉండేది, కానీ కర్టెన్ వెనక్కి వెళ్తే దాచుకోవాల్సిందేదో ఉందని పేరు రాసుకునేవాళ్ళు. అందుకని ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. హెర్మీనా పెద్దమ్మ కాగితం తీసుకుని కర్టెన్ వెనక్కి వెళ్ళింది. ఎంతసేపటికీ రాదు. లైను గుమ్మం దాటింది. టీచరమ్మకి కంగారు పుట్టి, అమ్మా, బాగానే ఉన్నావా అంది. బాగున్నాను, తొందరపెట్టకండి అని లోపల్నుంచి గొంతు. ఇక్కడ ఎంత బాగుందో, నన్నెవరూ చూడ్డం లేదు!

ఎవరూ తొందరపెట్టలేదు. వెనక ఉన్నవాళ్ళు కేకు తిన్నారు.

ఇంతలో పక్క ఊరి నుంచి ఎవరో ఫోన్ చేసి, ఓటింగు రోజున మైకులో ప్రచారం చేశారట, నేరం కదా అన్నారు. వెండెలీన్ ఫోన్లో చాలా నెమ్మదిగా చెప్పాడు: అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు, ఒక మగమనిషి గురించి చెప్పింది, దానికేమైనా చట్టం ఉంటే పంపండి, చదువుతాను.

ఒంటిగంట దాటాక అలోయ్జ్ వచ్చాడు. ఏప్రన్‌తోనే. పబ్బు ఖాళీ అయిపోయిందట, ఒక్కడే కూర్చుని తన సగం ధర బీరు తనే తాగుతున్నాడట. నా ముందు నిలబడి, వదినా, నేను వద్దు అనే వేస్తా అన్నాడు. వెయ్యరా అన్నాను. నా ఓటు వల్ల లెక్క పెరుగుతుందని తెలుసు, తెలిసే వేస్తున్నా అన్నాడు. తెలుసురా అన్నాను. మా అన్న బతికుంటే నీ మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు, ఇప్పుడు నీళ్ళ గొట్టంతో కొడుతున్నాడు ఆ పోలండువాడు, వాణ్ణి కనీసం ఎదురుగా నిలబెట్టి అడగాలి కదా, దానికైనా వంతెన ఉండాలి అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు వాడు మా ఆయన పోలికలోనే ఉన్నాడు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండివాడు వచ్చి కాదని ఓటేశాడు. నాకు ఈ రోజంతటిలో అన్నిటికన్నా ఇష్టమైన ఓటు అదే.

మా ఊళ్ళో సగం ఎప్పుడో దాటేసింది. దేశం సంగతి రేపు.

18 మే, ఆదివారం

గట్టెక్కింది. దేశం మొత్తం మీద సగానికి వెంట్రుకవాసి పైన. గట్టు మీదికి పరిగెత్తి అరిచాను. అతనికి ముందే తెలుసట, అయినా రెండోసారి చెప్పించుకున్నాడు.

8 జూన్, ఆదివారం

ఇప్పుడు వాళ్ళ వంతు. వాళ్ళకీ సగం మెలికే. నిన్న మొదటిరోజు జనం అంతంతమాత్రంగా వచ్చారట, ఇగ్నాట్సి మొహం వేలాడేసుకున్నాడు.

ఇవాళ పూజ అయ్యాక మా ఊరు ఊరంతా గడ్డిపొలానికి వచ్చింది. నేను పిలవలేదు. హెర్మీనా పెద్దమ్మకి కుర్చీ వేశారు. చర్చి నుంచి అవతలివాళ్ళు బయటికి రాగానే ఈమె మొదలెట్టింది: ఏమర్రా, బతికే ఉన్నారా, నేను ఈ వయసులో నడిచి వెళ్ళాను, మీ కాళ్ళకేమొచ్చింది, మా పిల్ల పెళ్ళికాకుండా ఉండిపోతే మీదే పూచీ! అవతల నుంచి ఎవరో, మీ పిల్లకి అరవై కదమ్మా అన్నారు. గట్టు విరిగిపోయేలా నవ్వులు. అలోయ్జ్, నాలాగే కాదని వేసినా ఫరవాలేదు, వేసి చావండి అని అరిచాడు. గస్తీ పోలీసు వచ్చి, ఇది విదేశీ ఎన్నికల్లో జోక్యం అన్నాడు. హెర్మీనా పెద్దమ్మ అతని చేతిలో కేకు ముక్క పెట్టింది.

మధ్యాహ్నానికి అవతల లైను కనబడింది. చొక్కాల రంగులు కూడా కనబడ్డాయి.

9 జూన్

వాళ్ళూ గట్టెక్కారు.

1 మే 2004, శనివారం

ఇవాళ్టి నుంచి రెండు దేశాలూ యూనియన్‌లో. ఒకప్పుడు ఇదే రోజున జెండాలు పట్టుకుని ఊరేగింపు. ఇవాళ ఎవరూ ఊరేగమనలేదు కనక అందరూ వచ్చారు. గట్టు మీద మంట వేశాం, అవతల వాళ్ళూ వేశారు. అలోయ్జ్ తన సారా పోశాడు. సీలేమీ పడలేదు. దానిమీద కూడా అసంతృప్తిగానే ఉన్నాడు.

పాస్‌పోర్టు బదులు ఇంక గుర్తింపు కార్డు చాలట. కానీ చెక్‌పోస్టు అక్కడే ఉంది, ఆ బస్సులూ అవే. ఇల్లలకగానే పండగ కాదు.

14 సెప్టెంబరు 2005

వంతెన లేదు. గొంతు లేదు. తేనె తాగుతున్నాను.

30 జూన్ 2006, శుక్రవారం

ఇంజనీర్లు వచ్చి కొలిచారు. వాగుని ఇటు నుంచి కొలిస్తే ఒక వెడల్పు, అటు నుంచి కొలిస్తే ఇంకో వెడల్పు వచ్చిందట. రెండు దేశాల ఇంజనీర్లు సాయంత్రం దాకా వాదించుకుని అలోయ్జ్ పబ్బులో రాజీపడ్డారు. ఇగ్నాట్సి గట్టు మీంచి, నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా, ఎన్నిసార్లు దాటబోయాను అని అరిచాడు. నోరు మూసుకో, పోలీసు ఉన్నాడు అని నేను అరిచాను.

19 ఆగస్టు 2007, ఆదివారం

వంతెన అయిపోయింది. దేవదారు చెక్క వాసన గుప్పుమంటోంది. పాత రాతి స్తంభం మీదే ఆనించారు.

నడుమ ఒక గేటు. గేటుకి తాళం. కాపలా ఎత్తేసే తేదీ వచ్చేదాకా దాటరాదు అని రెండు భాషల్లో బోర్డు. వంతెన కట్టి తాళం వెయ్యడం ఎవరికైనా తోస్తుందా?

అయినా వెళ్ళాం. నేను నా వైపు నుంచి, అతను అతని వైపు నుంచి. గేటుకి ఇటొక స్టూలు, అటొక స్టూలు. ఊచల్లోంచి ఫ్లాస్కు టీ అందించాను. మొదటిసారి అంత దగ్గరగా చూశాను. కనుబొమ్మ మీద మచ్చ ఉంది, అటు గట్టు నుంచి ఎప్పుడూ కనబడలేదు. నా గురించి అతనూ ఏదో కొత్తగా చూసే ఉంటాడు, పెద్దమనిషి కనక చెప్పలేదు.

టీ బాగుంది అని అరిచాడు. మూరెడు దూరంలోంచి. నా చెవి ఇంకా గుయ్యిమంటోంది.

21 డిసెంబరు 2007, శుక్రవారం

పొద్దున గస్తీ పోలీసు వచ్చి తాళం తీశాడు. వాగులో జరిమానా రాసింది ఈయనే. తాళం జేబులో వేసుకుని, జ్ఞాపకంగా ఉంచుకుంటానండీ అన్నాడు.

మంచు మోకాళ్ళ దాకా. రెండూళ్ళూ రెండు చివర్లా నిలబడ్డాయి. మేమిద్దరం ఒకేసారి బయలుదేరి నడుమ ఎదురుపడ్డాం. అక్కడ ఆగిపోయాం, ఎవరింటికి వెళ్ళాలో ఇద్దరికీ తెలియలేదు! ఇన్నేళ్ళలో అది మాత్రం ఆలోచించుకోలేదు. చివరికి అలోయ్జ్, మా వదిన ఇంట్లో క్యాబేజీ సూపు పొయ్యి మీదుంది, రావయ్యా పోలండు బావా అని అరిచాడు. బావా అన్నాడు.

24 డిసెంబరు 2007, క్రిస్మస్ ముందు సాయంత్రం

అనుకోని అతిథి కోసం ఏటా వేసే ఖాళీ పళ్ళెం ముందు ఇవాళ ఇగ్నాట్సి కూర్చున్నాడు. బల్లకి అటు అతను, ఇటు నేను. ఉప్పు అందుకో అని అరిచాడు. నీ ఎదురుగానే ఉన్నాగా, ఎందుకా కేకలు అని నేనూ అరిచాను. గోడ అవతల నుంచి హెర్మీనా పెద్దమ్మ, ఆ ఉప్పేదో ఇచ్చి తగలడవే అంది.